నల్లజాతి కాలేజీల ఫుట్‌బాల్ తిరునాళ్ళు

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ అనగానే లక్షమంది పట్టే స్టేడియాలు మన కళ్ళకు కడతాయి. 1869 నవంబరు 6న న్యూజెర్సీలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడిన ఆటతో ఈ చరిత్ర మొదలయిందని పుస్తకాలు చెబుతాయి. నేటి ఆట పేరుకు ఫుట్‌బాలే గాని బంతి ఎక్కువగా చేతుల్లోనే ఉంటుంది. మనమెరిగిన రగ్బీకి దగ్గర చుట్టం. అయితే డర్బన్‌లో పుట్టి పెరిగిన మన కుటుంబాలకు ఆ చరిత్రలో మరొక పాయ ఎక్కువ పరిచితంగా తోస్తుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి విద్యార్థులకు తెల్లవారి విశ్వవిద్యాలయాల తలుపులు మూసి ఉండేవి. వారికి వేరే కాలేజీలు, వేరే మైదానాలు. 1892 డిసెంబరు 27న నార్త్ కరొలైనాలోని సాల్స్‌బరీలో బిడిల్, లివింగ్‌స్టన్ జట్లు మంచులో తలపడ్డాయి. నల్లజాతి కాలేజీల మధ్య జరిగిన మొదటి ఫుట్‌బాల్ ఆట అదే. లివింగ్‌స్టన్ విద్యార్థులు చందాలు వేసుకొని బంతి కొన్నారు. ఆటగాళ్ళ దుస్తులు కాలేజీలోని అమ్మాయిలే కుట్టారు. గీతలను మంచు కప్పివేయడంతో బంతి హద్దు దాటిందా లేదా అని తగవు వచ్చింది. తీర్పు బిడిల్‌కు అనుకూలమయింది. మొదటి ఆటకే మొదటి తగవు!

ఇటువంటి పోటీలలో పెద్ద పేరు 'బయూ క్లాసిక్'ది. లూయిజియానా రాష్ట్రంలో ఉత్తరాన చిన్న ఊరిలోని గ్రాంబ్లింగ్, రాజధాని బాటన్ రూజ్‌లోని సదరన్ విశ్వవిద్యాలయాలు ప్రత్యర్థులు. 1974లో ఈ పేరుతో మొదటి ఆట న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ స్టేడియంలో జరిగితే 76 వేల మందికి పైగా వచ్చారు. ఆ టులేన్ విశ్వవిద్యాలయం 1963 వరకు నల్లజాతి విద్యార్థులను చేర్చుకోనే లేదు. మరుసటి ఏడాది ఆట సూపర్‌డోమ్‌కు మారింది.

థాంక్స్‌గివింగ్ పండుగ వారాంతంలో ఆట గనుక, దూరప్రాంతాలలో స్థిరపడినవారు కూడా పిల్లాపాపలతో దిగుతారు. ఒక్కొక్క ఇంట్లో రెండు కాలేజీలవారూ ఉంటారు, భోజనాల దగ్గరే వాదులాట మొదలు. మనం బ్రాయి పెట్టుకొన్నట్లే వారు ఆరుబయట మాంసం కాలుస్తారు, పెద్ద గిన్నెలలో గంబో వండుతారు. గంబో అనే మాట ఆఫ్రికా భాషలలో బెండకాయకున్న పేరు నుండి వచ్చినది. బెండకాయ లేనిదే ఇల్లు గడవని మనకు ఇది విని సంతోషం కలగక మానదు.

ఇక బ్యాండు మేళం. ఇతర చోట్ల విరామ సమయంలో జనం తినుబండారాలకు లేస్తారు. ఇక్కడ ఆట జరుగుతుండగా లేస్తారు, విరామానికి తిరిగి వచ్చి కూర్చుంటారు! బాకాలు, డప్పులతో వందలమంది అడుగు కలిపి నాట్యమాడుతూ వస్తుంటే చూడాలి. ఆట గెలిచి మేళంలో ఓడితే ఆ గెలుపు సగమే. 1967లో మొదటి సూపర్ బౌల్‌కు పిలిచిన మేళాలలో గ్రాంబ్లింగ్‌దీ ఒకటి.

గ్రాంబ్లింగ్ శిక్షకుడు ఎడ్డీ రాబిన్‌సన్ 1941 నుండి 1997 వరకు ఒకే చోట పనిచేసి 408 ఆటలు గెలిపించాడు. ఆయన శిష్యులు 200 మందికి పైగా వృత్తి ఆటగాళ్ళయ్యారు. 1970లో నల్లజాతి ఆటగాళ్ళున్న సదరన్ కాలిఫోర్నియా జట్టు బర్మింగ్‌హామ్ వచ్చి, మైదానంలో అందరూ తెల్లవారే అయిన అలబామాను 42-21తో ఓడించింది. ఆ పదేళ్ళలో దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకొన్నాయి. మంచి ఆటగాళ్ళు అటు వెళ్ళసాగారు. అది న్యాయమే, ఎవరూ కాదనరు. కాని చిన్న కాలేజీల బలం తగ్గింది.

మన కరీస్ ఫౌంటెన్ సంగతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. 1903లో మొదలయిన సామ్ చైనా కప్పు రోజుల నుండి తెల్లవారు రానివ్వని మన సాకర్ మన సంఘాలలోనే పెరిగింది. 1991లో అన్ని జాతుల సంఘాలు ఏకమయ్యాయి, కావలసిందే. కాని నా తరగతి పిల్లలు ఇంగ్లండు జట్ల పేర్లు గడగడా చెబుతారు, డర్బన్ పాత జట్లలో ఒక్కదాని పేరూ ఎరుగరు. గ్రాంబ్లింగ్, సదరన్ జనం మాత్రం మంచి ఆటగాళ్ళు వెళ్ళిపోయినా రావడం మానలేదు. వారిని పట్టి ఉంచినది మేళమూ, బంధువులూ అని నా అభిప్రాయం.

2005 ఆగస్టులో కత్రీనా తుఫాను న్యూ ఆర్లియన్స్‌ను ముంచెత్తింది. వేలమంది తలదాచుకొన్న సూపర్‌డోమ్ పైకప్పే చీలిపోయింది. ఆ నవంబరులో రెండు జట్లూ, రెండు మేళాలూ టెక్సస్‌లోని హ్యూస్టన్‌కు తరలివెళ్ళి ఆడాయి. 2006లో ఆట మళ్ళీ సూపర్‌డోమ్‌కు వచ్చింది.