బాప్తిస్మమిచ్చిన చేతులు ఎవరివి? – ముద్రిత ఆధారాలను వేరుచేసి చూచుట

1878 జూలై 3న ఒంగోలు సమీపాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. తెలుగు బాప్తిస్టు సంఘాల్లో ఈ సంఖ్య ఎరుగనివారు అరుదు. పరిచర్యలో ప్రవేశించిన కొత్తలో నేనును "క్లౌ దొరగారు ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు" అని ప్రసంగించాను. ఒక సంఘపు జూబిలీ సావనీరే నాకు ఆధారం. అచ్చయినది గనుక నిజమే అనుకున్నాను.

బి.డి. చదువు దినాల్లో మూలగ్రంథాలు తెరచినప్పుడు నా పొరపాటు తెలిసింది. ఆ దినమున ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా నీళ్లలో నిలిచి బాప్తిస్మమిచ్చారు. నా ప్రసంగం ఆ ఆరుగురిని చరిత్రలోనుండి తుడిచివేసింది. కాబట్టి ఆధారాలను వేరుపరచడం కేవలం థీసిస్ నియమం కాదు, మన పితరులకు న్యాయం చేయడం.

అచ్చయిన ఆధారాలు ముఖ్యంగా నాలుగు విధాలు.

మొదటిది, నాటి మిషను పత్రికలు, వార్షిక నివేదికలు. మిషనెరీల ఉత్తరాలు అమెరికాలో బాప్తిస్టు మిషనెరీ మేగజైనులో అచ్చయ్యేవి. సంఘటనకు అతి సమీపమైనవి గనుక ఇవి ప్రాథమిక ఆధారాలు. అయితే వాటిని చదివినవారు కానుకలిచ్చే విశ్వాసులని మరువరాదు.

రెండవది, ఆత్మకథ. క్లౌగారి ఆత్మకథ 1914లో వెలువడింది. ఆయన 1910లోనే మరణించారు. దానిని వ్రాసిపెట్టినది ఆయన భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ. ఆమె 1878 నాటికి ఒంగోలు రాలేదు. ఇది ప్రత్యక్షసాక్షి జ్ఞాపకమే గాని, ఏళ్లు గడచిన తరువాత మరొకరి కలం ద్వారా వచ్చినది.

మూడవది, చరిత్ర గ్రంథం. డేవిడ్ డౌనీ వ్రాసిన తెలుగు మిషను చరిత్ర 'లోన్ స్టార్' ఇటువంటిది. ఇతరుల నివేదికలనుబట్టి వ్రాసిన భాగాలు ద్వితీయ ఆధారాలు. నెల్లూరులో తానే చేసిన సేవను చెప్పిన చోట అదే పుస్తకం ప్రాథమికమవుతుంది.

నాలుగవది, సావనీర్లు, కరపత్రాలు. 1878 సంగతికి ఇవి బలహీనమైన ఆధారాలు. అయితే మన సంఘాలు ఆ సంగతిని ఎలా జ్ఞాపకముంచుకొన్నాయి అన్నది మీ పరిశోధనాంశమైతే, అవే ప్రాథమికం. పుస్తకం అట్టనుబట్టి గాక, మనం అడిగే ప్రశ్ననుబట్టి దాని తరగతి నిర్ణయమవుతుంది.

కనుక ఏ పుస్తకం చేతికి వచ్చినా ఎవరు వ్రాశారు, ఎప్పుడు వ్రాశారు, చూచి వ్రాశారా విని వ్రాశారా, ఎవరికొరకు వ్రాశారు అని అడగండి. లూకా తన సువార్త పీఠికలో కన్నులార చూచినవారిని, వారినుండి విని గ్రంథస్థం చేసినవారిని వేరుగా పేర్కొన్నాడు.

ఇప్పుడు జూలై 3న ప్రసంగించేటప్పుడు క్లౌగారికంటె ముందు నీళ్లలో నిలిచిన ఆ ఆరుగురిని గూర్చి చెబుతున్నాను.