విలాస కారుకు ఏ పెట్రోలు? మూత వెనుకే ఉంది సమాధానం

ఒకప్పుడు మహానగరాలకే పరిమితమైన విలాస కార్లు నేడు జిల్లా కేంద్రాల్లోనూ, డెల్టా పల్లెల్లోనూ దర్శనమిస్తున్నాయి. కొత్తవి కొనేవారు కొందరైతే, బెంగళూరు, ఢిల్లీల నుంచి పాతవి తెప్పించుకునేవారు మరికొందరు. లక్షలు వెచ్చించి కారు కొన్న యజమాని పెట్రోలు బంకు ముందుకు వచ్చేసరికి మాత్రం సందేహంలో పడుతున్నాడు. సాధారణ పెట్రోలా, 95 ఆక్టేనా, 100 ఆక్టేనా? ఖరీదైన కారుకు ఖరీదైన పెట్రోలే పోయాలన్న భావన ఒకవైపు, పెట్రోలు ఏదైనా పెట్రోలేనన్న ధీమా మరోవైపు. మొదటిది జేబుకు చేటు, రెండోది ఇంజనుకు చేటు.

శక్తి కాదు... ఓర్పు

ఆక్టేన్ సంఖ్య పెట్రోలులోని శక్తికి కొలమానమని చాలామంది భావిస్తారు. ఇది పొరపాటు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని ఇంజను సిలిండరులో పిస్టన్ గట్టిగా అదుముతుంది. అదిమినకొద్దీ అది వేడెక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పడిన తరువాత మంట ఒక పద్ధతిగా వ్యాపించాలి. అలాకాక, ఆ మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను భగ్గుమంటే సిలిండరులో పీడనం ఒక్కసారిగా పెరిగి 'టక టక'మనే లోహపు శబ్దం వినిపిస్తుంది. మెకానిక్కులు దీన్నే నాకింగ్ అంటారు. ఇది తీవ్రమైతే పిస్టన్లు దెబ్బతింటాయి, రింగులు విరుగుతాయి. విలాస కారులో ఆ మరమ్మతు బిల్లు లక్షల్లో ఉంటుంది. ఇలా ముందుగా అంటుకోకుండా వేడిని, ఒత్తిడిని పెట్రోలు ఎంతవరకు ఓర్చుకోగలదో తెలిపేదే ఆక్టేన్ సంఖ్య.

కొలిచే పద్ధతి 1920వ దశకం నాటిది. తేలిగ్గా నాకింగ్‌కు లోనయ్యే హెప్టేన్‌కు 0, బాగా ఓర్చుకునే ఐసో ఆక్టేన్‌కు 100 అని నిర్ణయించారు. 95 ఆక్టేన్ అంటే, 95 పాళ్లు ఐసో ఆక్టేన్, 5 పాళ్లు హెప్టేన్ కలిపిన మిశ్రమంతో సమానమైన ఓర్పు గలదని అర్థం.

పాత అంబాసిడర్ల కాలంలో ఇంజన్లు మిశ్రమాన్ని ఏడెనిమిది రెట్లు అదిమేవి. నేటి విలాస కార్లలో ఇది 10, 11 రెట్లు, కొన్నింట అంతకుమించి ఉంటోంది. పైగా టర్బో చార్జర్ గాలిని బలవంతంగా లోపలికి నెడుతుంది. అందుకే వీటికి ఓర్పు ఎక్కువగల పెట్రోలు అవసరమవుతోంది.

లేబుల్ చదవడం ఇలా

పెట్రోలు పోసే మూత తలుపు లోపలివైపు అంటించిన చీటీపైన, యజమానికిచ్చిన పుస్తకంలోనూ తయారీదారు సంఖ్యను స్పష్టంగా ముద్రిస్తాడు. జర్మన్ కార్లపై 'ఆర్ఓజెడ్' అని ఉంటే కంగారు పడనక్కర్లేదు. మన బంకుల్లో వాడే రీసెర్చ్ ఆక్టేన్ నంబరుకు అది జర్మన్ పేరు. గమనించవలసింది ఆ సంఖ్య పక్కనున్న పదాన్ని. 'కనీసం 95' అన్నది వేరు, '95 సిఫారసు, కనీసం 91' అన్నది వేరు. మొదటి సందర్భంలో 91 పోయడం తగదు. రెండో సందర్భంలో 91తో కారు నడుస్తుంది, వేగం అందుకోవడంలో కొంత చురుకు తగ్గుతుంది. పోర్షే వంటి స్పోర్ట్స్ కార్లలో కొన్నింటికి 98 సూచిస్తారు.

అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చినవారికి ఇక్కడొక తికమక ఎదురవుతుంటుంది. అక్కడి బంకుల్లో 87, 89, 91, 93 అని కనిపించే అంకెలు వేరే లెక్క. రీసెర్చ్ సంఖ్యను, మరింత కఠిన పరీక్షలో వచ్చే మోటార్ ఆక్టేన్ సంఖ్యను కలిపి సగం చేస్తే వచ్చేవి. అక్కడి 87 దాదాపు ఇక్కడి 91తో, అక్కడి 91 దాదాపు ఇక్కడి 95తో సమానం. 'అమెరికాలో నా కారుకు 91 పోసేవాణ్ని, ఇక్కడా 91 చాలు' అనుకుంటే తప్పులో కాలేసినట్లే.

డీజిల్ కార్ల యజమానులకు ఈ చర్చతో పనిలేదు. డీజిల్‌కు కావలసింది త్వరగా అంటుకునే గుణం. దాన్ని సీటేన్ సంఖ్యతో కొలుస్తారు.

మారిన సాధారణ పెట్రోలు

దేశంలో లోగడ 88 ఆక్టేన్ పెట్రోలు అమ్మేవారు. భారత్ స్టేజ్-3 ప్రమాణాలు 2005లో హైదరాబాద్ సహా 11 నగరాల్లోనూ, 2010లో దేశమంతటా రావడంతో సాధారణ పెట్రోలు 91కి చేరింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ స్టేజ్-6లోనూ ఇదే సంఖ్య కొనసాగింది. అదే ఏడాది డిసెంబరులో ఇండియన్ ఆయిల్ సంస్థ 100 ఆక్టేన్ పెట్రోలును విడుదల చేసింది. అప్పుడు ఢిల్లీలో దాని ధర లీటరు రూ.160, సాధారణ పెట్రోలు ధరకు దాదాపు రెట్టింపు.

ఆ తరువాత వచ్చిన పెద్ద మార్పు ఇథనాల్. ఇథనాల్‌కు స్వతహాగా ఆక్టేన్ ఎక్కువ. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20తో సాధారణ పెట్రోలు ఆక్టేన్ 95కు పెరిగిందని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో ప్రకటించింది. అంటే 95 అడిగే కారు యజమాని చిక్కు తీరినట్లేనా? పూర్తిగా కాదు. కారు మూతపై ఆక్టేన్‌తో పాటు ఇథనాల్ పరిమితి కూడా ఉంటుంది. ఐరోపా కార్లపై 2018 చివరినుంచి వృత్తంలో ఈ5, ఈ10 అనే గుర్తులు వేస్తున్నారు. ఈ10 వరకే అని రాసి ఉన్న కారుకు 95 ఆక్టేన్ ఉన్నంత మాత్రాన ఈ-20 సరిపోయినట్లు కాదు. రబ్బరు గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌కు తట్టుకోవాలి. ఇథనాల్‌లో శక్తి తక్కువ గనుక మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. ఈ-10కు సరిచేసిన పాత నాలుగు చక్రాల వాహనాల్లో ఈ తగ్గుదల 6-7 శాతం ఉండవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదిక అంచనా వేసింది. పదేళ్లనాటి విలాస కారును చౌకగా కొనేవారు బేరం కుదుర్చుకోవడానికి ముందే ఈ గుర్తును చూసుకోవాలి. ప్రీమియం పెట్రోలులోనూ ఇథనాల్ ఉండవచ్చు గనుక దాని శాతం ఎంతో బంకులో అడిగి తెలుసుకోవడం మేలు.

అదనపు ఖర్చు ఎప్పుడు వృథా

91 చాలునని తయారీదారు రాసిన కారుకు 100 ఆక్టేన్ పోస్తే ఇంజనుకు కొత్త బలమేదీ రాదు. అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్ 2016లో జరిపిన పరీక్షల్లో, సాధారణ పెట్రోలుకు తయారైన కార్లలో ప్రీమియం పోసినా శక్తిలోగానీ, మైలేజీలోగానీ చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ప్రీమియం సిఫారసు చేసిన కార్లపై 2017లో జరిపిన పరీక్షల్లో మాత్రం మైలేజీ సగటున 2.7 శాతం మెరుగైంది. లీటరుకు 8 కి.మీ. ఇచ్చే కారు నెలకు 1,000 కి.మీ. తిరిగితే 125 లీటర్లు కావాలి. లీటరుపై రూ.8 అదనమైతే నెలకు రూ.1,000, రూ.50 అదనమైతే రూ.6,250 భారం. సిఫారసు ఉన్న కారుకు మొదటిది అంతగా బాధించదు. రెండోది లేబుల్ కోరితే తప్ప అనవసరం.

పేరులో 'ప్రీమియం' ఉన్నంత మాత్రాన ఆక్టేన్ ఎక్కువని భావించరాదు. 2000వ దశకంలో వచ్చిన బ్రాండెడ్ పెట్రోళ్ల ప్రచారమంతా ప్రధానంగా ఇంజనును శుభ్రపరిచే రసాయనాల మీదే సాగింది. పంపుపై అంకె ఉందో లేదో చూడాలి. ఇక దుకాణాల్లో అమ్మే ఆక్టేన్ పెంచే సీసాల జోలికి పోకపోవడమే మంచిది. వాటిలో కొన్నింట ఉండే లోహపు సమ్మేళనాలు స్పార్క్ ప్లగ్‌ల మీద, ఆక్సిజన్ సెన్సర్ మీద పేరుకుపోతాయి.

తక్కువ ఆక్టేన్ పోసిన వేళ

మారుమూల మండలంలో 95 దొరకక 91 పోయించుకోవలసి వస్తే భయపడనక్కర్లేదు. ఇంజనుకు అమర్చిన నాక్ సెన్సర్ శబ్దాన్ని పసిగట్టి నిప్పురవ్వ పడే సమయాన్ని వెనక్కు జరుపుతుంది. అయితే ఆ సర్దుబాటుకూ హద్దుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో లోపలికి వెళ్లే గాలే వేడిగా ఉంటుంది. నిండా జనంతో తిరుమల కొండనో, అరకు ఘాటునో ఎక్కేటప్పుడు ఇంజనుపై భారం తీవ్రం. అటువంటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కకుండా, గేరు తగ్గించి నడపాలి. ట్యాంకు సగమయ్యాక తగిన పెట్రోలు నింపుకోవాలి. శబ్దం ఆగకపోతే, ఇంజను హెచ్చరిక దీపం వెలిగితే కారు నిలిపి సర్వీసు కేంద్రాన్ని సంప్రదించాలి. ఘాట్ ప్రయాణం ఉందని తెలిసినప్పుడు నగరంలోనే ట్యాంకు నింపుకోవడం ఉత్తమం.

సరైన అంకె చూసి పోయించుకున్నా కిరోసిన్ కల్తీ జరిగితే అంతా వ్యర్థం. కిరోసిన్ కలిస్తే ఆక్టేన్ గణనీయంగా పడిపోతుంది. అనుమానం వచ్చిన వినియోగదారుకు బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష కోరే హక్కుంది. కాగితంపై వేసిన పెట్రోలు చుక్క మరక మిగలకుండా ఆరిపోవాలి. మరక మిగిలితే కల్తీని శంకించాలి. ఆ రోజు సాంద్రతను నమోదు చేసిన బోర్డుతో సరిచూడమనవచ్చు, 5 లీటర్ల కొలపాత్రతో పరిమాణాన్నీ కొలవమనవచ్చు. బిల్లు తప్పక తీసుకోవాలి. పెట్రోలు వల్ల ఇంజను చెడిందని తరువాత ఫిర్యాదు చేయవలసి వస్తే, ఎక్కడ, ఏ రోజు, ఏ రకం పెట్రోలు పోయించుకున్నదీ చూపే ఆధారం ఆ చీటీయే.