కోడంబాక్కం చెరువు, కూనూరు ఎలుకలు

కోడంబాక్కం అనగానే తెలుగువాడికి సినిమా గుర్తొస్తుంది. స్టూడియోలు రాకముందు అది మదరాసు శివార్లలో ఒక పల్లె. దానికి తూర్పు పక్క నుంగంబాక్కం నుంచి సైదాపేట దాకా పొడవాటి చెరువు ఉండేది. 1920ల్లో మాంబలం ఇళ్ల పథకం కోసం చెరువును పూడ్చడం మొదలుపెట్టారు. అక్కడ లేచిన పేటకు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టారు. అదే త్యాగరాయనగర్. చెరువు పోయినా పడమటి మాంబలంలో లేక్ వ్యూ రోడ్డు, నుంగంబాక్కంలో ట్యాంక్ బండ్ రోడ్డు మిగిలాయి.

చెరువంటే మనవాళ్లకు నీళ్లొక్కటే కాదు. వేసవిలో ఎండిన చెరువు నుంచి ఒండ్రు మట్టి తవ్వి బండ్లమీద పొలానికి తోలుకునేవాళ్లు. పశువుల పెంట, మందలు తోలించడం, పచ్చిరొట్ట, చెరువు మట్టి: దక్షిణాది రైతు నేల సత్తువను కాపాడుకున్నది వీటితోనే. ఆ సత్తువకూ తినేవాడి ఒంటికీ ఏమైనా సంబంధం ఉందా అన్న ప్రశ్నను, ఈ చెరువు పూడుతున్న రోజుల్లోనే, ఇదే మదరాసు ప్రెసిడెన్సీలో ప్రయోగశాలకు ఎక్కించారు.

దానికి దారి తీసింది తెలుగు జిల్లాల కష్టం. ఉత్తర సర్కారుల్లో బెరిబెరి పాతుకుపోయింది. కాళ్లు తిమ్మిరెక్కేవి, వాచేవి, ముదిరితే గుండె ఆగిపోయేది. నీలగిరుల్లోని కూనూరులో పరిశోధన చేస్తున్న రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు, నారిస్ అనే తోటి పరిశోధకుడితో కలిసి 1924లో బియ్యానికీ బెరిబెరికీ ఉన్న సంబంధంపై నివేదిక ప్రచురించాడు. తీరాంధ్రలో మరపట్టిన తెల్లటి పచ్చి బియ్యం తింటారు. తవుడుతోపాటే బి1 విటమిన్ పోతుంది. తమిళ జిల్లాల్లో వడ్లను ఉడకబెట్టి, ఆరబెట్టి, తర్వాత దంచుతారు. ఉడికేటప్పుడు ఆ విటమిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి, తర్వాత మరపట్టినా కొంత నిలుస్తుంది. తెలుగువాళ్లు మొహం చిట్లించే ఉప్పుడు బియ్యం పొరుగువాళ్లను ఇంత పెద్ద రోగం నుంచి కాపాడిందన్నమాట.

మెక్‌కారిసన్ తర్వాత ఎలుకలకు రకరకాల ప్రాంతాల భోజనం పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, ఆకుకూరలున్న పంజాబు సిక్కుల తిండితో పెరిగినవి ఏపుగా ఉన్నాయి. తెల్లన్నమే ప్రధానమైన మదరాసు భోజనంతో పెరిగినవి బాగా వెనకబడ్డాయి.

అసలు మెచ్చుకోవలసింది, ఆయన మరతో ఆగకుండా మడి దాకా వెళ్లడం. కోయంబత్తూరు వ్యవసాయ కళాశాల పొలంలో 1909 నుంచి ఒకే మడికి ఏటా ఒకే రకం ఎరువు వేస్తూ పంట తీస్తున్నారు. ఆ కళాశాలకు మూలం 1868లో సైదాపేటలో, అంటే మన పొడవాటి చెరువు దక్షిణపు కొసన, పెట్టిన వ్యవసాయ పాఠశాల. 1906లో అది కోయంబత్తూరు చేరింది. అక్కడి వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త బి. విశ్వనాథ్, మెక్‌కారిసన్ కలిసి చిరుధాన్యాన్నీ గోధుమనూ పరీక్షించి 1926లో ఫలితాలు ప్రకటించారు. పశువుల ఎరువుతో పండిన గింజలు తిన్న జంతువులు రసాయన ఎరువుల గింజలు తిన్నవాటికంటే బాగా పెరిగాయి. మరుసటి ఏడు విశ్వనాథ్, సూర్యనారాయణ విత్తనాన్ని పరీక్షించారు. పశువుల ఎరువు మడిలోని విత్తనమే బలంగా మొలకెత్తింది. తర్వాత ఇంగ్లండులో జరిగిన పరీక్షల్లో కొన్ని దీన్ని బలపరచలేదన్నదీ నిజమే. కానీ వైద్యుడూ నేల శాస్త్రవేత్తా ఒకే గింజను చేతిలోకి తీసుకోవడమే అప్పటికి పెద్ద అడుగు.

ఆ అడుగు దూరం వెళ్లింది. ఇండోర్‌లో కంపోస్టు పద్ధతిని తీర్చిదిద్దిన ఆల్బర్ట్ హోవార్డ్ 1940 నాటి తన పుస్తకంలో మెక్‌కారిసన్ పనిని ఆధారంగా తీసుకున్నాడు. హోవార్డ్ స్ఫూర్తితో ఇంగ్లండులో ఈవ్ బాల్ఫర్, అమెరికాలో రోడేల్ కుటుంబం సేంద్రియ సాగు పని మొదలుపెట్టారు. పునరుజ్జీవ వ్యవసాయం, అంటే నేల సత్తువను తిరిగి పెంచే సాగు, అన్న మాటను 1980ల్లో ప్రచారంలోకి తెచ్చింది రాబర్ట్ రోడేలే.

ఇక్కడ మాత్రం నేలా వైద్యమూ విడిపోయాయి. కూనూరు ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. పొలంలో క్వింటాళ్ల లెక్క మొదలైంది. ఆకలి తీర్చాలి కాబట్టి ఆ లెక్క తప్పు కాదు, కానీ గింజలో ఏముందన్న లెక్క వెనకబడింది. ఈ విడిపోవడం మన కోడంబాక్కం దగ్గరే కనిపిస్తుంది. దాని పక్కనే వడపళనిలో, కడప జిల్లా పొట్టిపాడు రైతు కుటుంబంలో పుట్టిన సినీ నిర్మాత బి. నాగిరెడ్డి 1972లో విజయా ఆసుపత్రి పెట్టారు. పొలాలు, తోటలు ఉన్నచోట స్టూడియో, స్టూడియో పక్కన ఆసుపత్రి: ఒక్క మనిషి జీవితకాలంలోనే జరిగిపోయింది.

విడిపోయిన దారులను కలిపే ప్రయత్నం ఇప్పుడు మళ్లీ తెలుగు నేలమీదే జరుగుతోంది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు బీడు భూముల్ని బాగుచేసి, జొన్నలు, కొర్రలు, పప్పులు కలిపి పండించుకుంటూ ఊరి తిండిని మార్చారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను ఏడాదంతా పచ్చగా ఉంచుతారు. వేళ్లను అంటుకుని బతికే బూజులు భాస్వరాన్నీ జింకునూ మొక్కకు అందిస్తాయి. దున్నుడు, రసాయనాలు పెరిగితే ఆ బూజులు తగ్గుతాయి. 2022లో అమెరికాలో డేవిడ్ మాంట్‌గొమరీ బృందం పక్కపక్క పొలాలను పోల్చి, పునరుజ్జీవ పద్ధతి పంటల్లో కొన్ని విటమిన్లు, ఖనిజాలు ఎక్కువగా ఉన్నాయని చూపింది. అది చిన్న పరిశీలన. మన వరి, మన రాగి, మన కంది మీద పెద్దది జరగాలి. కూనూరు వారసత్వం హైదరాబాదు తార్నాకలో ఉంది, చిరుధాన్యాల పరిశోధన సంస్థ, వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ఉన్నాయి. విశ్వనాథ్, మెక్‌కారిసన్ కొండ ఎక్కి దిగి చేసిన పనికి ఇప్పుడు ఒక్క ఊరు చాలు.