కడప దాకా వచ్చి ఆగిన పడవ దారి

చమురు పడకముందు కువైట్‌కు తాగే నీరు కూడా షత్తుల్ అరబ్ నుండి పడవల మీదనే వచ్చేది. ఆ ముచ్చట వచ్చినప్పుడల్లా, మిష్రిఫ్‌లో పండుగలకు కలుసుకునే మాలో కడప, రాజంపేట, రాయచోటి వైపు వారికి మన సీమలో పూర్తి కాని పడవ దారి ఒకటి గుర్తుకు వస్తుంది.

కె.సి. కెనాల్ అంటే మనకు తెలిసినది పొలాలకు పారే నీరే. కాని దానిని తలపెట్టినప్పటి ఊహ చాలా పెద్దది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్ర నీటిని మళ్ళించి, పెన్న లోయ వెంట నెల్లూరు సీమలోని కృష్ణపట్నం రేవుకు చేర్చాలనుకున్నది. ఒక శాఖ బళ్ళారికి పోవాలి. ధాన్యం, పత్తి వంటి బరువు సరుకును రైలు కన్నా నీటి మీద చౌకగా తరలించవచ్చునని కాటన్ జీవితాంతం వాదించాడు. పది లక్షల పౌండ్ల మూలధనంపై నూటికి 5 వడ్డీకి సర్కారు హామీ ఇచ్చింది.

1863లో పని మొదలైంది. 1870 నాటికి సుంకేసుల నుండి కడప వరకు సుమారు 190 మైళ్ళ కాలువ, లాకులతో సహా, తయారైంది. డబ్బు అంతటితో సరి! పడవలు కొంతకాలం నడిచాయి. కాని రేవు చేరని కాలువలో సరుకు వేసుకొని ఎక్కడికి పోవాలి? ఈలోగా మద్రాసు రైలు కడప మీదుగా సాగి 1871లో రాయచూరు చేరింది. నల్లరేగడి రైతులు జొన్నకూ పత్తికీ వానే చాలునని నీటితీరువా కట్టడానికి ముందుకు రాలేదు. 1882లో సర్కారే కాలువను కొనుక్కున్నది.

కాటన్ దొరను దేవుడిగా కొలిచే మనం ఒక మాట ఒప్పుకోవాలి. వేసవిలో తుంగభద్ర సన్నగిల్లుతుంది. పైన పెద్ద జలాశయం లేకుండా ఏడాది పొడవునా పడవ నడపడం కుదిరే పని కాదు. అయినా 1877-78 కరవు పనులలో పొడిగించిన బకింగ్‌హాం కాలువ కృష్ణపట్నం పక్కనుండే పోతుంది. మన కాలువ అక్కడికి చేరివుంటే, నీళ్ళున్న నెలలలోనైనా కర్నూలు పత్తి పడవలోనే మద్రాసు చేరేది.

కృష్ణపట్నంలో కొత్త రేవు 2008లో ప్రారంభమైంది. కడప సీమ నుండి అక్కడికి దారి 2019లో పడింది. ఓబులవారిపల్లె నుండి వెంకటాచలానికి, వెలికొండల కింద 6.6 కిలోమీటర్ల సొరంగంలో నుండి. అయితే అది రైలు దారి.