ఆకాశంలో త్రికోణం: వల్కన్ విమానం కథ

వేసవి వచ్చిందంటే బ్రిటన్‌లో ఎయిర్ షోల సందడి మొదలవుతుంది. మడత కుర్చీలూ, పులిహోర డబ్బాలూ కారులో వేసుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళే తెలుగు కుటుంబాలూ ఉంటాయి. రెడ్ యారోస్ జట్టు వదిలే ఎరుపు, తెలుపు, నీలి పొగలకి అందరూ చప్పట్లు కొడతారు. కానీ మెడలో పెద్ద కెమెరా, చేతిలో విమానాల నంబర్లు రాసుకునే చిన్న పుస్తకం పెట్టుకుని కంచె దగ్గర నిలబడే పాత అభిమానుల్ని కదిపి చూడండి. మీరు చూసినవాటిలో మరపురానిది ఏదంటే, చాలామంది నోట వచ్చే పేరు వల్కన్. 2015 తరువాత ఆ విమానం గాలిలోకి లేవలేదు. అయినా ఆ మోజు తగ్గలేదు.

అణుబాంబు మొయ్యడానికి పుట్టిన యుద్ధవిమానాన్ని చూడటానికి లక్షల మంది ఎందుకు కదిలివచ్చారు? సొంత డబ్బు చందాలుగా వేసుకుని దాన్ని మళ్ళీ ఎందుకు ఎగిరించారు? అంత అభిమానం ఉండి కూడా చివరికి ఎందుకు ఆపవలసి వచ్చింది? ఈ మూడు ప్రశ్నలకీ జవాబులు వల్కన్ చరిత్రలోనే ఉన్నాయి.

పుట్టుక

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక తన సొంత అణుబాంబు తయారుచేసుకోవాలని బ్రిటన్ నిశ్చయించుకుంది. బాంబు ఉంటే చాలదు, దాన్ని దూరదేశానికి మోసుకెళ్ళే జెట్ విమానం కూడా కావాలి. 1947లో ప్రభుత్వం తన అవసరాలు ప్రకటించింది. చివరికి మూడు కంపెనీలు మూడు విమానాలు తయారుచేశాయి. వికర్స్ వారిది వాలియంట్, హ్యాండ్లీ పేజ్ వారిది విక్టర్, ఆవ్రో వారిది వల్కన్. మూడింటి పేర్లూ ఇంగ్లీషులో "వి" అక్షరంతోనే మొదలవుతాయి కనుక వీటిని వి-బాంబర్లు అన్నారు. వల్కన్ అంటే రోమన్ పురాణాల్లో అగ్నిదేవుడు.

వల్కన్‌కి రూపకల్పన మొదలుపెట్టినవాడు రాయ్ చాడ్విక్. యుద్ధకాలంలో పేరుమోసిన లాంకాస్టర్ బాంబర్ కూడా ఆయన సృష్టే. ఎక్కువ ఎత్తులో, ధ్వనివేగానికి దగ్గరగా, ఎక్కువ బరువుతో ఎగరాలంటే రెక్కలు వెనక్కి వాలి ఉండాలి, వైశాల్యం ఎక్కువ ఉండాలి, అయినా గట్టిగా ఉండాలి. ఆయన బృందం ఆలోచించి ఆలోచించి చివరికి విమానం మొత్తాన్నీ దాదాపు ఒక త్రికోణంగా మార్చేసింది. దీన్నే డెల్టా రెక్క అంటారు. మనం గోదావరి డెల్టా అనేటప్పుడు వాడే డెల్టా కూడా ఇదే, త్రికోణం ఆకారంలో ఉండే గ్రీకు అక్షరం పేరు. ఇంజన్లు, చక్రాలు, ఇంధనంలో చాలా భాగం ఆ మందమైన రెక్కల్లోనే ఇమిడిపోయాయి. తోక దగ్గర వేరే అడ్డరెక్కల అవసరమే లేకపోయింది.

తన విమానం ఎగరడం చాడ్విక్ చూడలేదు. 1947 ఆగస్టులో మరో ఆవ్రో విమానాన్ని పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో ఆయన మరణించాడు. డెల్టా రెక్కని పరీక్షించడానికి కట్టిన చిన్న విమానం ఆవ్రో 707 కూడా 1949 సెప్టెంబరులో, మొదటిసారి ఎగిరిన నెలలోపే కూలిపోయింది. పైలట్ ఎరిక్ ఎస్లర్ మరణించాడు. ఇన్ని దెబ్బల తరువాత 1952 ఆగస్టు 30న రోలీ ఫాక్ మొదటి వల్కన్‌ని గాలిలోకి లేపాడు. కొద్ది రోజుల్లోనే ఫార్న్‌బరో ఎయిర్ షోలో తెల్లగా మెరిసిపోతున్న ఆ త్రికోణాన్ని జనం మొదటిసారి చూశారు. 1955లో అదే ఫార్న్‌బరోలో ఫాక్ ఈ భారీ బాంబర్‌ని చిన్న ఫైటర్ విమానంలా గాలిలో ఒక చుట్టు పొర్లించి చూపించాడు. మళ్ళీ అలా చేయవద్దని పైవాళ్ళు చెప్పినా, ఆ ఒక్క విన్యాసంతో వల్కన్ పేరు మారుమోగిపోయింది.

అభిమానుల్ని కట్టిపడేసింది ఏమిటి?

మొదటిది ఆకారం. కింద నుంచి చూస్తే పెద్ద గాలిపటంలా, పక్క నుంచి చూస్తే సన్నని కత్తిలా కనబడుతుంది. తిరిగే ప్రతిసారీ వేరే విమానం వచ్చిందా అనిపిస్తుంది.

రెండవది పరిమాణానికీ నడకకీ పొంతన లేకపోవడం. తరువాత వచ్చిన బి.2 రకంలో రెక్కల వెడల్పు దాదాపు 34 మీటర్లు, నిండు బరువు 90 టన్నుల పైమాట. పైలట్ చేతిలో మాత్రం ఫైటర్ విమానాల్లో ఉండేలాంటి కర్ర ఉండేది. ప్రదర్శనల్లో ఇంధనం తక్కువగా ఉండి విమానం తేలికగా ఉంటుంది కనుక, కొద్దిపాటి రన్‌వే చాలు, ముక్కు పైకెత్తి నిట్టనిలువుగా వెళుతున్నట్టే లేచేది.

మూడవది ధ్వని. నాలుగు ఒలింపస్ ఇంజన్లు దాదాపు 90 శాతం వేగానికి చేరుకునేసరికి, రెక్కల ముందున్న గాలి గుమ్మాల్లోంచి ఒక ఊళ వినిపించేది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే లోపలి గాలి కంపించి మోగుతుంది చూడండి, ఇదీ అటువంటిదే. ఇంజన్ల ఉరుము వేరు, ఈ ఊళ వేరు. ఛాతీలో ఆ అదురు తెలిసేదని విన్నవాళ్ళు చెబుతారు. అన్నట్టు, కాంకార్డ్‌ని ధ్వనికి రెట్టింపు వేగంతో నడిపిన ఇంజన్ కూడా ఈ ఒలింపస్ వంశంలోదే.

అందం వెనక ఉన్న పని

మొత్తం 136 వల్కన్‌లు తయారయ్యాయి. 1957 నుంచి స్క్వాడ్రన్లలో చేరాయి. మొదట్లో వాటికి వేసిన తెల్లరంగు అందం కోసం కాదు. తాము వేసిన అణుబాంబు పేలినప్పుడు వచ్చే వేడి వెలుగుని వెనక్కి కొట్టడానికి. పైలట్లకి ఒక కంటి గంత కూడా ఇచ్చేవారు. పేలుడు వెలుగుకి ఒక కన్ను పోయినా, గంత కింద ఉన్న రెండో కంటితో విమానం నడపాలన్నమాట! కబురు అందిన కొద్ది నిమిషాల్లో గాలిలో ఉండేలా ఈ విమానాల్ని రన్‌వే చివర సిద్ధంగా నిలబెట్టేవారు. 1969లో ఆ బాధ్యత నౌకాదళపు పొలారిస్ జలాంతర్గాములకి మారింది. ఈ విమానం ఏ పనికోసం పుట్టిందో ఆ పని ఎన్నడూ చేయవలసి రాకపోవడం మనందరి అదృష్టం.

ఇంకో చేదు నిజం. వల్కన్‌లో అయిదుగురు సిబ్బంది ఉంటారు. ప్రమాదం వస్తే సీటుతో సహా బయటికి ఎగిరిపోయే ఏర్పాటు ముందున్న ఇద్దరు పైలట్లకే ఉంది. వెనక కూర్చున్న ముగ్గురూ కింది తలుపు తెరుచుకుని దూకాలి. 1956 అక్టోబరు 1న ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ పర్యటన ముగించుకుని తిరిగి వచ్చిన వల్కన్ హీత్రూలో దిగబోతూ కూలిపోయింది. పైలట్లిద్దరూ బయటపడ్డారు. మిగతా నలుగురూ చనిపోయారు. 1958 సెప్టెంబరులో సయర్‌స్టన్ స్థావరంలో ప్రదర్శన ఇస్తూ మొదటి వల్కనే రెక్క విరిగి ముక్కలైంది. విమానంలోని నలుగురితోపాటు నేలమీద ఉన్న ముగ్గురు కూడా మరణించారు. వల్కన్‌ని మెచ్చుకునేవాళ్ళు ఈ పేర్లని కూడా గుర్తుపెట్టుకుంటారు.

ఫాక్లాండ్స్ దాడి

1982 నాటికి వల్కన్‌లు రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డాయి. ఏప్రిల్‌లో అర్జెంటీనా ఫాక్లాండ్ దీవుల్ని ఆక్రమించింది. ఏప్రిల్ 30 రాత్రి అట్లాంటిక్ మధ్యలోని అసెన్షన్ దీవి నుంచి రెండు వల్కన్‌లు బయలుదేరాయి. మొదటిదానిలో కిటికీ సరిగ్గా మూసుకోక వెనుదిరిగింది. తోడుగా వెళ్ళిన ఎక్స్ఎం 607 పని అందుకుంది. దాని కెప్టెన్ మార్టిన్ విదర్స్. రానూ పోనూ దాదాపు 12 వేల కిలోమీటర్లు, సుమారు 16 గంటలు. ఒక్క వల్కన్‌కి దారిపొడుగునా ఇంధనం అందించడానికి 11 విక్టర్ ట్యాంకర్లు, అవి ఒకదానికొకటి ఇంధనం ఇచ్చుకుంటూ ఎగిరాయి. 21 బాంబులు వేస్తే ఒకటి స్టాన్లీ రన్‌వే మధ్యలో పడింది. ఈ దాడి వల్ల యుద్ధంలో ఎంత ప్రయోజనం కలిగిందన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. ఆ ప్రయాణాన్ని నడిపించిన లెక్కనీ, పట్టుదలనీ మాత్రం ఎవరూ కాదనరు. 1984లో చివరి వల్కన్ స్క్వాడ్రన్ కూడా రద్దయింది.

మళ్ళీ ఎగిరిన వల్కన్

ఎక్స్‌హెచ్ 558 అనే ఒక్క విమానాన్ని మాత్రం వైమానిక దళం ఎయిర్ షోల కోసం 1992 దాకా ఎగిరించింది. ఖర్చు భరించలేమని 1993లో అమ్మేసింది. ఒక కుటుంబ సంస్థ కొనుక్కుని లెస్టర్‌షైర్‌లోని బ్రంటింగ్‌తోర్ప్‌లో జాగ్రత్తగా ఉంచింది. సిస్కో కంపెనీలో పనిచేసిన రాబర్ట్ ప్లెమింగ్ 1997లో దీన్ని మళ్ళీ ఎగిరించాలని పూనుకున్నాడు. తరువాత ఏర్పడిన ట్రస్టుకి మొదటి దరఖాస్తు తిరస్కరించినా, చివరికి హెరిటేజ్ లాటరీ నిధి 27 లక్షల పౌండ్ల పైచిలుకు ఇచ్చింది. 2005లో విమానాన్ని విప్పి పని మొదలుపెట్టారు. 2006లో డబ్బు అయిపోయి, ఉద్యోగులకి నోటీసులు ఇచ్చే దాకా వచ్చింది. వేలాది మామూలు మనుషుల చందాలకి తోడు, ఆఖరి క్షణంలో సర్ జాక్ హేవర్డ్ 5 లక్షల పౌండ్లు ఇచ్చి నిలబెట్టాడు.

2007 అక్టోబరు 18న ఎక్స్‌హెచ్ 558 మళ్ళీ గాలిలోకి లేచింది. 2008 నుంచి ఎనిమిది వేసవులు దేశమంతా తిరిగింది. ఫాక్లాండ్స్ దాడి చేసిన మార్టిన్ విదర్సే చాలా ప్రదర్శనల్లో దీన్ని నడిపాడు. ఏడాదికి దాదాపు 20 లక్షల పౌండ్ల ఖర్చు, అందులో ఎక్కువ భాగం అభిమానుల జేబుల్లోంచే వచ్చింది. 2012 మేలో తేమ పీల్చుకునే సిలికా జెల్ సంచులు ఇంజన్‌లోకి వెళ్ళి ఒకేసారి రెండు ఇంజన్లు పాడైపోయాయి. కొత్తవి తయారుచేసేవాళ్ళు లేరు, దాచిపెట్టుకున్న వాటిలోంచే తీసి బిగించారు. అయినా కొద్ది వారాల్లోనే మళ్ళీ ఎగిరింది.

డబ్బు కాదు, తెలిసినవాళ్ళు కరువై

ఇంత చేసినా 2015లో ఆపక తప్పలేదు. ఇంత జటిలమైన విమానం పౌర లైసెన్సుతో ఎగరాలంటే, అది భద్రంగా ఉందని తయారీ సంస్థల వారసులు పూచీ పడాలి. ఆవ్రో వారసురాలు బిఎఇ సిస్టమ్స్, ఇంజన్లకి రోల్స్‌రాయిస్, మరమ్మతులకి మార్షల్ ఏరోస్పేస్ ఆ పూచీ వహించాయి. ఆ సీజన్‌తో తమ మద్దతు ముగుస్తుందని మూడూ చెప్పేశాయి. ఎక్స్‌హెచ్ 558 అప్పటికే మిగతా వల్కన్‌లన్నిటికన్నా ఎక్కువ గంటలు ఎగిరింది. అంతకన్నా ముఖ్యం, ఆ యంత్రాన్ని చేతులతో ఎరిగిన ఇంజనీర్లు ఒక్కొక్కరే రిటైరైపోయారు. పాత కంప్యూటర్ వ్యవస్థల్ని నడిపే మనవాళ్ళకి ఈ ఇబ్బంది విడమరిచి చెప్పనక్కరలేదు. రాసిపెట్టిన కాగితాలు ఉండవచ్చు, కానీ ఏ చప్పుడు మామూలుది, ఏది కాదు అన్నది రాసిపెట్టి ఉండదు. చందాలతో విడిభాగాలు కొనవచ్చు, అనుభవాన్ని కొనలేం. ఆ పూచీ లేకుండా జనం తలల మీదుగా ఎగరకపోవడమే న్యాయం. హీత్రూ, సయర్‌స్టన్ నేర్పిన పాఠం అదే.

2015 అక్టోబరు 28న డాన్‌కాస్టర్‌లో చివరిసారి ఎగిరి దిగింది. 2021లో ప్లెమింగ్ మరణించాడు. 2022లో ఆ విమానాశ్రయమే మూతపడింది.

ఎక్కడ చూడవచ్చు?

* కాస్‌ఫర్డ్, వైమానిక దళ మ్యూజియం: మూడు వి-బాంబర్లనీ ఒకేచోట చూడగలిగేది ఇక్కడే. ఫాక్లాండ్స్ రాత్రి కిటికీ మూసుకోక వెనుదిరిగిన ఎక్స్ఎం 598 ఇదే.
* ఈస్ట్ ఫార్చూన్, ఎడిన్‌బరో దగ్గర: 1982 జూన్‌లో ఇంధనం అందుకునే గొట్టం విరిగి, బ్రెజిల్‌లోని రియోలో దిగవలసి వచ్చిన ఎక్స్ఎం 597 ఇక్కడుంది.
* డక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ దగ్గర: కాంకార్డ్‌ని కూడా అదే రోజు చూడవచ్చు.
* వెల్స్‌బోర్న్, స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర: ఇక్కడి ఎక్స్ఎం 655 ఇంజన్లని వాలంటీర్లు పనిచేసే స్థితిలో కాపాడుతున్నారు. ఎగరదు. ఇంజన్లు నడిపే రోజులు ఎప్పుడో ముందుగా కనుక్కుని వెళ్ళండి.
* అమెరికాలో ఉన్నవారికి: కాలిఫోర్నియా అట్‌వాటర్‌లోని కాసిల్ మ్యూజియంలో ఒకటి, నెబ్రాస్కా ఆష్‌లాండ్‌లో ఒకటి, లూసియానా బార్క్స్‌డేల్‌లో ఒకటి ఉన్నాయి.

పిల్లల్ని తీసుకువెళితే రెక్కల కింద నిలబెట్టి ఫోటో తీయండి, తప్పులేదు. అలాగే తలుపు దగ్గరికి తీసుకువెళ్ళి, వెనక సీట్ల ముగ్గురూ ఎక్కడినుంచి దూకవలసి వచ్చేదో కూడా చూపించండి. అక్కడ నిలబడి పాతకథలు చెప్పే పెద్దాయన ఎవరైనా ఉంటే, ఆయన ఈ విమానాల దగ్గర పనిచేసినవాడే అయి ఉండవచ్చు. నాలుగు ప్రశ్నలు అడగండి. ఆయనకి తెలిసినది ఏ పుస్తకంలోనూ దొరకకపోవచ్చు.