ఒకే బెడ్, ఇద్దరు రోగులు: ఎవరికో తేల్చేది ఎవరు?

వెంటిలేటర్ ఒకటే ఉండి అవసరమైనవాళ్లు ఇద్దరున్నప్పుడు ముందు ఎవరికివ్వాలో తేల్చే పద్ధతిని వైద్యంలో ‘ట్రయాజ్’ అంటారు. ఆ ఇద్దరిలో ఎవరు బతుకుతారో ముందుగా కచ్చితంగా ఎవరికీ తెలియదు. డాక్టర్ చేతిలో ఉండేది అంచనా మాత్రమే. ఆ అంచనాలోకి సమాజంలోని హెచ్చుతగ్గులు ఎలా చొరబడతాయో చరిత్ర చెబుతోంది.

సియాటిల్ కమిటీ

1960లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ తెచ్చిన షంట్ వల్ల కిడ్నీలు పూర్తిగా చెడినవారికి ఏళ్ల తరబడి డయాలసిస్ చేయడం సాధ్యమైంది. కానీ యంత్రాలు కొన్నే. వైద్యపరంగా అర్హులైనవారిలో ఎవరిని తీసుకోవాలో తేల్చే పనిని ఏడుగురి కమిటీకి అప్పగించారు. అందులో బ్యాంకర్, లాయర్, గృహిణి, కార్మిక నాయకుడు వంటివారున్నారు. వాళ్లు రోగి ఆదాయం, ఆస్తి, చదువు, ఉద్యోగం, కుటుంబం చూశారు. 1962లో ‘లైఫ్’ పత్రిక ఈ సంగతి రాశాక, తమలాంటి మధ్యతరగతి మనిషినే ‘యోగ్యుడి’గా ఎంచారన్న విమర్శ వచ్చింది. 1972లో చట్టం మార్చి డయాలసిస్ ఖర్చును మెడికేర్ కిందికి తెచ్చారు. అంటే అప్పటిదాకా ఉన్న కొరతలో డబ్బు కేటాయించకపోవడం కూడా ఒక భాగమే.

అంకెల్లో వివక్ష

మనుషుల బదులు సూత్రం తేలిస్తే న్యాయం జరుగుతుందా? కిడ్నీ పనితీరును అంచనా వేసే ‘ఈజీఎఫ్ఆర్’ సూత్రాల్లో నల్లజాతి రోగులకు అమెరికాలో చాలాకాలం అదనపు గుణకం కలిపారు. దానివల్ల వారి కిడ్నీలు కాగితం మీద మెరుగ్గా కనిపించి, మార్పిడి జాబితాలో వారి నిరీక్షణ లెక్క ఆలస్యంగా మొదలయ్యేది. 2022లో అవయవ కేటాయింపులో ఆ గుణకాన్ని నిషేధించారు. కోల్పోయిన కాలాన్ని 2023 నుంచి తిరిగి జమ చేయడం మొదలుపెట్టారు.

మన దగ్గర

1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు గాయాలైతే, బెడ్లు, సౌకర్యాలు లేవంటూ ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పిపంపాయి. 1996లో సుప్రీంకోర్టు దీన్ని 21వ అధికరణ ఉల్లంఘనగా తేల్చింది. రూ. 25,000 పరిహారం ఇప్పించింది. నిధుల కొరత సాకు కాదన్నది. బెడ్ల సమాచారానికి కేంద్రీకృత వ్యవస్థ ఉండాలన్నది. 2021 ఏప్రిల్ 30న, కరోనా రెండో వేవ్‌లో, గుర్తింపు కార్డు లేదని ఎవరికీ చికిత్స నిరాకరించరాదని ఆదేశించింది.

అడగాల్సినవి

ట్రయాజ్ ఫారంలో కులం గడి ఉండదు. కానీ దూరం, అప్పు, ముదిరిన జబ్బు కులాన్ని మోసుకొస్తాయి. ‘ముందొచ్చినవారికే’ అన్న నియమం ఆసుపత్రి పక్కనున్నవారికి అనుకూలం. ‘ఎక్కువకాలం బతికేవారికే’ అన్నది ముందునుంచీ వైద్యం అందనివారికి రెండో శిక్ష. కాబట్టి ప్రమాణాలు రాతపూర్వకంగా ఉన్నాయా, ఎవరు రాశారు, నిర్ణయంపై అప్పీలు ఉందా అని అడగాలి. చేర్చుకున్నవారి రిజిస్టర్ ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటుంది. తిప్పిపంపినవారి రిజిస్టర్ కూడా ఉండాలి. అది లేకుండా వివక్షను రుజువు చేయడం కష్టం.