నానో ఔషధ అంకుర సంస్థలు – ఔషధ కంపెనీల పెట్టుబడులు

మీటరులో నూరుకోట్లవ వంతును నానోమీటరందురు. ఇంచుమించు 100 నానోమీటర్ల ప్రమాణముగల కణములలో మందును నిక్షేపించి, దానిని దేహమున వలసిన చోటికి చేర్చు విద్యకు నానో వైద్యమని పేరు. ఈ విద్య విశ్వవిద్యాలయముల ప్రయోగశాలలలో పుట్టి, అచ్చటి ఆచార్యులు నెలకొల్పిన చిన్న కంపెనీలలో పెరిగి, పిమ్మటనే పెద్ద ఔషధ సంస్థల చేతికి వచ్చినది. ఆ సంస్థల ధనము ఇందు ప్రవేశించిన తీరును పరిశీలించినచో, మందునకు వెల కట్టుట వారికి తెలిసినంతగా మందును మోయు కణమునకు వెల కట్టుట చిరకాలము తెలియలేదని తోచును.

కేంబ్రిడ్జి సమీపమున బాబ్రహామ్ పరిశోధనాలయమునందు అలెక్ బాంగమ్ అను శాస్త్రజ్ఞుడు, లెసిథిన్ వంటి కొవ్వు పదార్థములు నీటిలో కలిసినప్పుడు తమంత తామే పొరలుగా చుట్టుకొని బుడగలగుటను 1960 దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయముతో నిరూపించెను. లైపోసోములని పేరొందిన యీ బుడగలలో మందు నింపవచ్చునను ఆశతో 1980 దశకారంభమున అమెరికాలో మూడు కంపెనీలు వెలసినవి: మెన్లో పార్కున లైపోసోమ్ టెక్నాలజీ, ప్రిన్స్‌టన్‌లో లైపోసోమ్ కంపెనీ, దక్షిణ కాలిఫోర్నియాలో వెస్టార్. వీనిని ప్రధానముగా పోషించినది సాహస పెట్టుబడిదారులును షేర్ మార్కెటును.

వీనిలో మొదటి కంపెనీ, యెరూషలేమునందలి బారెన్‌హోల్జ్, గాబిజోన్ అను పరిశోధకుల కృషిని ఆధారము చేసికొని, డాక్సోరుబిసిన్ అను క్యాన్సరు మందును చేపట్టెను. ఆ మందు గుండెకు హాని చేయును. బుడగలో నింపినచో ఆ హాని తగ్గును. కాని నింపుటయే కష్టము. బుడగ లోపల అమోనియం సల్ఫేటు ద్రావణమును ముందుగా నిలిపి, వెలుపల దానిని తొలగించినచో, వెలుపలనున్న మందు పొరను దాటి లోనికి చొచ్చి, అచ్చట సల్ఫేటుతో కూడి సూదివంటి స్ఫటికమై, మరల బయటపడజాలక నిలిచిపోవును. ఇంత చక్కని ఉపాయము ఔషధ విజ్ఞానమున అరుదు. డాక్సిల్ అను ఈ మందునకు 1995 నవంబరులో అమెరికా ప్రభుత్వానుమతి లభించెను. అప్పటికి సీక్వస్ అని పేరు మార్చుకొనియున్న ఆ కంపెనీని 1999లో ఆల్జా కొనెను. ఆల్జాను 2001లో జాన్సన్ అండ్ జాన్సన్ కొనెను. వెస్టార్‌కు వారసురాలైన నెక్స్‌స్టార్‌ను 1999లో గిలియడ్, లైపోసోమ్ కంపెనీని 2000లో ఎలాన్ సొంతము చేసికొన్నవి. మందులు అంగడికి వచ్చి అమ్ముడుపోవుట కన్నుల జూచిన పిదపనే ఈ కొనుగోళ్లన్నియు జరిగెనని గమనింపవలెను. 2011లో డాక్సిల్ తయారీ కుంటుపడి కొరత యేర్పడగా, మరుసటి యేడు అమెరికా మన దేశపు సన్ ఫార్మా చేసిన లైపోసోమ్ మందును దిగుమతి చేసికొనవలసి వచ్చెను. హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థయు తరువాత ఆ విపణిలో ప్రవేశించెను.

అనుమతికి ముందే ధనము కుమ్మరించిన ఘట్టము ఆర్ఎన్ఏ మందులది. హానికరమగు ప్రోటీను పుట్టకుండ జన్యు సందేశము నోరు నొక్కివేయు ఈ విధానమును కనిపెట్టిన ఫైర్, మెలో పండితులకు 2006లో నోబెల్ బహుమానము వచ్చిన యేడే మెర్క్ సంస్థ సిర్నా అను కంపెనీని 110 కోట్ల డాలర్లకు కొనెను. 2007లో రోష్ సంస్థ ఇదే రంగమునందలి ఆల్నైలమ్ అను కంపెనీకి 33 కోట్ల డాలర్లకు పైగా చెల్లించెను. అయితే ఆర్ఎన్ఏ పోగు రక్తములో పడినంతనే ఛిన్నమగును. జీవకణములోనికి తనంత తాను పోజాలదు. వాహకము సిద్ధము గాకమునుపే ఫలమును కోరిన ఈ సంస్థలకు ఓరిమి నశించెను. 2010లో రోష్ ఈ రంగమును విడిచెను. 2014 జనవరిలో మెర్క్ తన సిర్నాను ఆల్నైలమ్‌కే 17.5 కోట్ల డాలర్లకు, అదియు అధిక భాగము వాటాల రూపమున, విక్రయించెను. అదే నెలలో సనోఫీకి చెందిన జెంజైమ్ 70 కోట్ల డాలర్లతో ఆల్నైలమ్ వాటాలు కొనుట విశేషము. వాంకూవరులో పీటర్ కల్లిస్ బృందము అప్పటికే, ఆమ్ల స్థితిలో ధనావేశము పొంది రక్తములో తటస్థముగ నుండు కొవ్వు కణములను రూపొందించియుండెను. వానిలో ఇమిడిన ఆల్నైలమ్ వారి ఆర్ఎన్ఏ మందు పటిసిరాన్ 2018 ఆగస్టులో అనుమతి పొందెను.

అన్ని కథలు ఇట్లు సుఖాంతములు గావు. ఎం.ఐ.టి. ఆచార్యుడు రాబర్ట్ లాంగర్, హార్వర్డ్ వైద్యుడు ఒమిద్ ఫరోఖ్‌జాద్ స్థాపించిన బైండ్ అను కంపెనీ 2013లో ఆమ్జెన్, ఫైజర్, ఆస్ట్రాజెనెకాలతో ఒప్పందములు చేసికొని, ఆ యేడే షేర్లను విక్రయించి 7 కోట్ల డాలర్లు సేకరించెను. అయితే ఇట్టి ఒప్పందములలో ప్రకటింపబడు పెద్ద అంకెలలో అధిక భాగము షరతులతో కూడిన భవిష్యత్ చెల్లింపులే. ప్రయోగ ఫలితములు ఆశించినంత బలముగా లేకపోవుటయు, అప్పిచ్చినవారు ఒత్తిడి చేయుటయు సంభవించి, 2016 మే నెలలో బైండ్ దివాలా రక్షణ కోరెను. ఆ వేసవిలోనే దాని ఆస్తులను 4 కోట్ల డాలర్లకు వేలమున దక్కించుకొన్నది పూర్వ భాగస్వామియగు ఫైజర్!

ప్రోటీనును పుట్టించు సందేశమైన మెసెంజర్ ఆర్ఎన్ఏ విషయమున మాత్రము సంస్థలు ముందడుగు వేసినవి. ఆస్ట్రాజెనెకా 2013లో మోడెర్నాకు 24 కోట్ల డాలర్లు ముందస్తుగా చెల్లించెను. ఫైజర్ 2018లో జర్మనీలోని బయోఎన్‌టెక్‌తో ఇన్‌ఫ్లుయెంజా టీకా నిమిత్తము చేతులు కలిపి, 2020లో కోవిడ్ టీకాకై 18.5 కోట్ల డాలర్లు, అందు 11.3 కోట్లు వాటాల రూపమున, చెల్లించుటకు ఒప్పుకొనెను. లోకమంతట సూదిమందైన ఆ టీకాలోని కొవ్వు కణములు మాత్రము ఆ ఇరువురివియు గావు. వాంకూవరులోని అక్యూటాస్ అను చిన్న కంపెనీవి.

2025 జూన్‌లో ఆబ్‌వీ సంస్థ, మెసెంజర్ ఆర్ఎన్ఏ పరిశోధకుడు డ్రూ వీస్‌మన్ మొదలగువారు స్థాపించిన క్యాప్‌స్టన్‌ను 210 కోట్ల డాలర్ల వరకు వెచ్చించి కొనుటకు ఒడంబడిక చేసికొనెను. రోగి దేహములోని రోగనిరోధక టీ కణములనే వెదకి పట్టుకొని, వానికి ఆర్ఎన్ఏ అందించు కొవ్వు కణములు ఆ కంపెనీ సొత్తు. ఒడంబడిక నాటికి వాని మానవ ప్రయోగములు మొదటి దశలోనే యుండెను.